పోగులపై దింపిన పిడుగు

(షోలాపురమున మన పాఠశాల వార్షికోత్సవ సభలో విజ్ఞాన ప్రదర్శనమును ప్రారంభించుచు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ప్రతి వత్సరము ఈ వేదికపై నిలిచి నేను పరీక్షా ఫలితములను, కొరవడిన బల్లల సంఖ్యను, కారుచున్న పైకప్పు సంగతిని చదువుట మీకు అలవాటు. ఈ మారు ఆ లెక్కలన్నియు కార్యదర్శిగారు ఇంతకు ముందే చదివి నన్ను కాపాడిరి. కావున నాకు లభించిన అరగంటను వేరొక విషయమునకు వినియోగింప దలచితిని.

ఇందులకు కారణము కలదు. గడచిన ఆషాఢమున ఒక తండ్రి నా గదికి వచ్చి, ఏడవ తరగతి చదువుచున్న తన కుమార్తెకు టి.సి. ఇప్పింపుమని దరఖాస్తు నా బల్లపై పెట్టెను. కారణ మేమని అడిగితిని. “సారూ, బిడ్డకు సైన్సు మీద పాణముంది. మరి తెలుగుల సైన్సు ఎంతదాక ఉంటది?” అనెను. అతనిది కోపము కాదు, నింద కాదు. కన్నబిడ్డ మేలు కోరి అడిగిన ప్రశ్న. నాకు వెంటనే బదులు తోచలేదు. “కొన్ని దినములు ఆగుడు” అని మాత్రము చెప్పి పంపితిని.

చిత్రమేమనగా, అంతకు పది దినములకు ముందే ఆ బాలిక ఏదో పత్రికనుండి కత్తిరించిన ఒక రంగుల బొమ్మను నాకు చూపి యుండెను. విశాలమైన గుండ్రని శాల, నడుమ ఇనుప కట్టడములు, వాని చుట్టును నిండిన నీటిపై చెట్టు వేళ్లవలె అల్లుకొనిన నీలి మెరుపులు. “ఇది ఏమి సార్? నీళ్ల మీద ఎవరైనా కరెంటు పెడతారా?” అని అడిగెను. దానికిని నేను బదులు చెప్పలేదు. నా చదువు ఇంటర్మీడియేటుతో ఆగినది. తండ్రికొకటి, కూతురికొకటి, రెండు బదుళ్లు బాకీపడి నాటినుండి నాకు దొరికిన పుస్తకములు, పత్రికలు వెదకి చదువుచు వచ్చితిని. నేడు కూతురి బాకీ తీర్చెదను.

ఆ బొమ్మలోనిది అమెరికా దేశమున న్యూ మెక్సికో రాష్ట్రములో ఆల్బుకర్కీ నగరమందున్న సాండియా జాతీయ ప్రయోగశాల వారి యంత్రము. దాని పేరు ఒక్క అక్షరము: జెడ్. నిలువు దిశను గణితమున ఆ అక్షరముతో గుర్తింతురు. విద్యుత్తు నిలువుగా ప్రవహించును గనుక ఆ పేరు. యంత్రపు వ్యాసము సుమారు 33 మీటర్లు, ఎత్తు 6 మీటర్లు. మన పాఠశాల ఆవరణములో పట్టదు.

ఇది చేయు పని యేమి? మిక్కిలి బలమైన విద్యుత్తును క్షణములో వేయింతల స్వల్ప భాగములో ఒక చిన్న వస్తువుపై కుమ్మరించి, దానిని నలిపి, దానినుండి ఎక్స్ కిరణములను పుట్టించుట. 1895లో జర్మనీ దేశమున వ్యూర్జ్‌బర్గు నగరమందు రాంట్జెన్ పండితుడు కనుగొని, తన భార్య చేతి ఎముకలను చిత్రము తీసి చూపిన కిరణములే ఇవి. మన సివిల్ ఆసుపత్రిలో విరిగిన ఎముకను చూచుటకు వాడునవియు ఇవియే. అయితే ఆసుపత్రి యంత్రము దీపపు వత్తి అనుకొనినచో ఇది కార్చిచ్చు.

ఇక్కడ మీ అందరికి అలవాటైన ఒక లెక్క చెప్పెదను. కరెంటు బిల్లు రాని ఇల్లు ఈ సభలో ఉండదు. ఒక యూనిట్టు అనగా 1000 వాట్ల సాధనము ఒక గంట నడచుటకు పట్టు శక్తి. జెడ్ యంత్రము ఒక్కొక్క ప్రయోగమునకు ముందు తనలో నిలువచేసికొను విద్యుచ్ఛక్తి సుమారు 2 కోట్ల జౌలులు. దానిని మన బిల్లు భాషలోనికి మార్చినచో ఎంత? అయిదున్నర యూనిట్లు! ఒక అశ్వశక్తి మోటారుగల మగ్గము ఒక పాళీ, అనగా ఎనిమిది గంటలు, నడచుటకు దాదాపు అంతే పట్టును. కొందరు నవ్వుచున్నారు. నేనును ఈ లెక్కలో తప్పు వచ్చెనేమో యని మూడు మారులు చేసి చూచితిని. తప్పు లేదు.

మరి గొప్ప ఎక్కడ ఉన్నది? ఎంత శక్తి యన్నది కాదు, ఎంత సేపటిలో వెచ్చించితిమన్నది. ఈ సంగతి మగ్గముపై పనిచేయువారికి నేను చెప్పనక్కరలేదు. మోటారు తీరికగా సమముగా తిరుగుచునే యుండును. కాని నాడెను కొట్టు కర్ర ఆ తిరుగుడును కూడబెట్టికొని ఒక్క దెబ్బతో నాడెను ఈ కొననుండి ఆ కొనకు విసరును. మోటారు మెల్లగా నెట్టినచో నాడె పడుగు నడుమనే నిలిచిపోవును. జెడ్ యంత్రమంతయు అట్టి కొట్టుకర్రయే. నిదానముగా కూడబెట్టిన అయిదున్నర యూనిట్లను, సెకనును కోటి భాగములు చేసినచో అందొక భాగమంత కాలములో విసరివేయును. అంత కాలములో వెలుతురు సైతము 30 మీటర్లు మాత్రమే పోగలదు. అనగా ఆ యంత్రమును ఈ అంచునుండి ఆ అంచునకు దాటుటకును దానికి సమయము చాలదు.

అప్పుడు ప్రవహించు విద్యుత్తు సుమారు 2 కోట్ల 60 లక్షల ఆంపియర్లు. మన ఇంటి ఫ్యూజు అయిదు పది ఆంపియర్లకే కాలిపోవును. ఆకాశపు పిడుగులో సామాన్యముగా 30 వేల ఆంపియర్లుండును. దాని ఫలితముగా వెలువడు ఎక్స్ కిరణముల శక్తి ముప్పాతిక యూనిట్టు మాత్రమే. కాని అది వెలువడు వేగము, సెకనులో కొన్ని శతకోట్యంశముల పాటు, 35 వేల కోట్ల కిలోవాట్లను అందుకొనును. ప్రపంచమందలి విద్యుత్కేంద్రములన్నియు కలిసి సగటున ఉత్పత్తి చేయుదానికి ఇది సుమారు నూరు రెట్లు.

అంత విద్యుత్తును ఎట్లు పోగుచేయుదురు? విద్యుత్తును కొలదిసేపు పట్టి ఉంచు పాత్రకు కెపాసిటరని పేరు. మీ పంకా తిరుగుటకు తోడ్పడు చిన్న డబ్బా అదియే. జెడ్ యంత్రములో ఇట్టివి, పెద్దవి, 36 వరుసలుగా, వరుసకు 60 చొప్పున, మొత్తము 2160 కలవు. వానిని వాడు విధానమును 1924లో ఎర్విన్ మార్క్స్ అను జర్మను ఇంజనీరు ప్రకటించెను. అరువది కుండలను పక్కపక్కన పెట్టి ఒకేమారు నింపవచ్చును. ప్రతి కుండకును ఎత్తు తక్కువే. నిండిన పిమ్మట వానిని ఒకదానిపై నొకటి నిలిపినచో పైనుండి పడు నీటికి అరువది కుండల ఎత్తు వచ్చును. అట్లే ఒక్కొక్క కెపాసిటరును 85 వేల వోల్టులకు పక్కపక్కన నింపి, నిప్పురవ్వల మీటలచే అన్నిటిని క్షణములో వరుసగా కలిపినచో 51 లక్షల వోల్టులగును. ఇంత సులభమైన ఊహ అంత పెద్ద యంత్రమునకు ఆయువుపట్టగుట నాకు మిక్కిలి నచ్చినది.

ఈ వరుసలన్నియు నూనెలో మునిగి యుండును. తరువాత విద్యుత్తు నీటిలోనికి వచ్చును. ఒక్కొక్కటి సుమారు 20 లక్షల లీటర్లు. ఇక ఆ బాలిక ప్రశ్నకు వచ్చితిమి: నీటిలో విద్యుత్తు పెట్టుదురా? పెట్టుదురు, కాని అది మన కుళాయి నీరు కాదు. విద్యుత్తును మోసికొనిపోవునది ముఖ్యముగా నీటిలో కరిగిన లవణములు. వానిని పూర్తిగా తీసివేసిన నీరు విద్యుత్తును అతిస్వల్పకాలము చక్కగా అడ్డగించును. అంతేకాక, ఇరువైపుల లోహపు పలకల నడుమ గాలికి బదులు నీరుండినచో ఆ పలకలపై సుమారు 80 రెట్లు విద్యుత్తు నిలుచును. అందుచే నీరు అక్కడ అడ్డుగోడయు, గిడ్డంగియు కూడ. మొదట సెకనులో పది లక్షలవ వంతు పట్టు విద్యుత్తు ఆ నీటి మార్గమున నడచుచు, కుదించుకొని, కుదించుకొని, అందు పదవ వంతు కాలములోనికి దిగును. పిల్లలారా, ఇది విని ఇంటివద్ద నీటి తొట్టెలో తీగలు పెట్టిచూడరాదు. మన ఊరి నీటిలో లవణములెన్ని యున్నవో మీ అమ్మలు వాడు పాత్రల అడుగున తెల్లగా కట్టిన పెచ్చు చెప్పును.

మరి ఆ బొమ్మలోని మెరుపులు? యంత్రపు పని అవి కావు. అది తప్పిపోయి నీటి పైభాగమునకు పారిన విద్యుత్తు. చూచుటకు అందమైనది నష్టము, పనిచేయునది కంటికి కనబడదు.

ఇక అసలు స్థానమునకు వచ్చుచున్నాను. ఇక్కడ మన పద్మశాలి పెద్దలు కొంచెము చెవియొగ్గి వినవలెను. ఆ 36 మార్గముల విద్యుత్తంతయు నడుమ ఒకచోట కూడును. అక్కడ ఏమున్నది? దారపు రీలంత పరిమాణముగల ఒక పంజరము. పైన ఒక లోహపు చక్రము, క్రింద ఒక చక్రము, వాని నడుమ గుండ్రముగా, సమదూరమున నిలిపిన రెండు మూడు వందల టంగ్‌స్టన్ పోగులు. ఒక్కొక్క పోగు మందము మన వెంట్రుకలో పదవ వంతు. వీనిని నిపుణులు తమ చేతులతో ఒక్కొక్కటిగా అమర్చుదురు. గుండ్రని పడుగు అనుకొనుడు. పేక లేని పడుగు.

ఒకే దిశలో విద్యుత్తు పారు రెండు తీగలు ఒకదాని నొకటి ఆకర్షించునని 1820లో ఫ్రెంచి పండితుడు ఆంపియరు చూపెను. మూడువందల పోగులలో ఒకేమారు విద్యుత్తు పారినచో ప్రతిదియు మిగిలినవానిని తనవైపు లాగును. అన్నియు నడిమికి ఉరకవలసినదే. అంత విద్యుత్తుకు పోగులు నిలువగలవా? మొదట కరిగి, ఆవిరియై, అణువులు చీలిన ప్లాస్మాయై, ఆ ప్లాస్మాయే సెకనుకు వందల కిలోమీటర్ల వేగమున నడిమికి దూకును. నెట్టు ఒత్తిడి మనపై గాలి మోపు ఒత్తిడికి లక్షల రెట్లు. గుండ్రము సగమైనచో ఒత్తిడి నాలుగింతలగును. నడుమ అన్నియు ఢీకొని నిలిచిన క్షణమున ఆ వేగమంతయు వేడిగా మారును. ఇనుము కాలినచో ఎర్రనగును, ఇంకను కాలినచో తెల్లనగును. పది ఇరువది లక్షల డిగ్రీలు కాలినది కంటికి కనబడు వెలుగును దాటి ఎక్స్ కిరణములను చిమ్మును.

పిడుగు లోహమును నలుపుట మానవులు యంత్రముతో చేయకముందే ప్రకృతి చేసి చూపినది. ఆస్ట్రేలియాలో హార్ట్‌లీ వేల్ అనుచోట కిరోసిను శుద్ధి చేయు కర్మాగారమున పిడుగునుండి రక్షించు కడ్డీగా పెట్టిన ఒక బోలు రాగిగొట్టము పిడుగుపాటుకు నలిగిపోయెను. సిడ్నీ విశ్వవిద్యాలయమున పోలక్, బారక్లో అను ఇరువురు దానిని పరీక్షించి, గొట్టమును నలిపినది పిడుగు తనచుట్టు తాను పుట్టించిన అయస్కాంత బలమేయని 1905లో వ్రాసిరి. పాడైన గొట్టమును పాతసామానులవానికి అమ్మివేయక ఎవరో దాచిరి గనుక గదా ఆ మాట తెలిసినది!

పోగుల సంగతిని ఇంకను వదలలేకున్నాను. సాండియాలోనే జెడ్‌కు ముందున్న సాటర్న్ అను యంత్రములో 1990లలో శాన్‌ఫర్డు అను శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు అల్యూమినియపు పోగుల సంఖ్యను పదినుండి పెంచుచు 192 వరకు తెచ్చిరి. పోగులు దగ్గరైన కొలది ఎక్స్ కిరణముల బలము ఊహింపనంత పెరిగెను. ఏలన? పోగులు పలుచగా నున్నచో ఒక్కొక్కటి విడివిడిగా, వంకరగా నడిమికి చేరును. దగ్గరగా నున్నచో అన్నియు కలిసి ఒకే రేకువలె, ఒకేసారి చేరును. పడుగులో పోగులు తక్కువైన గుడ్డ ఎట్లుండునో మీరెరుగుదురు. ఈ ఫలితమును చూచియే, 1985నుండి అయాను కిరణములకై వాడుచున్న పెద్ద యంత్రమును 1996లో ఈ పోగుల పనికి మార్చిరి. అదియే జెడ్. 1998 నాటికి 29 వేల కోట్ల కిలోవాట్లు పొందిరి. 2006, 2007లలో యంత్రమును విప్పి క్రొత్తగా కట్టిన పిదపవి నేను ముందు చెప్పిన అంకెలు.

ప్రయోగము ముగిసినపుడు నడిమి భాగమేదియు మిగులదు. నిలువ చేసిన శక్తి అయిదు కిలోల మందుగుండుతో సమానము. నేల అదరును. వారముల పనితో కట్టిన పంజరము సెకనులో కోటవ వంతున మాయమగును. శాలను తుడిచి, క్రొత్త భాగములు బిగించుటకు దినము పట్టును గనుక దినమునకు ఒక ప్రయోగమునకు మించి సాగదు.

ఇంత శ్రమ ఎందులకు? ఒక ఆశ సంలీనము. సూర్యుని గర్భమున ఉదజని కేంద్రకములు కలిసి శక్తి నిచ్చుచున్నవి. ఆ విధముగా బరువు ఉదజనియైన డ్యుటీరియమును భూమిపై కలుపగలిగినచో విద్యుత్తునకు కొదవ యుండదని శాస్త్రజ్ఞుల తలంపు. కేంద్రకములు ఒకదాని నొకటి తోసివేయును గనుక కోట్ల డిగ్రీల వేడియు, గొప్ప ఒత్తిడియు కావలెను. ఎక్స్ కిరణములు అందుకు పనికివచ్చును. ఒక చిన్న లోహపు డబ్బా నిండ వానిని నింపి, లోపల ఇంధనముగల గోళీని పెట్టినచో, గోళీ పైపొర అన్నివైపులను ఒకేమారు బయటికి ఎగసి లోపలి భాగమును నడిమికి నెట్టును. 2003లో జెడ్ యంత్రమున ఈ విధముగా సంలీనము జరిగిన గుర్తుగా న్యూట్రానులను కనుగొనిరి. 2013నుండి వేరొక పద్ధతిని నడుపుచున్నారు. పోగులకు బదులు బెరిలియము గొట్టము, అందు డ్యుటీరియము, దానిని ముందుగా లేసరు వెలుగుతో వేడిచేసి, అయస్కాంత క్షేత్రముతో ఆ వేడిని కాపాడుచు, గొట్టమును నేరుగా విద్యుత్తుతోనే నలుపుట. సంలీనము జరుగుచున్నది. కాని పెట్టిన శక్తికంటె వచ్చినది ఎక్కువ కాలేదు.

ఈ విషయమున తొందరపాటు మాటలు నమ్మరాదు. 1955లో జెనీవా సభలో మన హోమీ భాభాగారే ఇరువది వత్సరములలో సంలీన శక్తి వశమగునని ఊహించిరి. 1958 జనవరిలో ఇంగ్లండువారు తమ జీటా యంత్రమున సంలీనము సాధించితిమని చాటి, ఆ వత్సరముననే తమ న్యూట్రానులు దానివి కావని ఒప్పుకొనిరి. 2022 డిసెంబరులో అమెరికాలోనే కాలిఫోర్నియాలోని వేరొక ప్రయోగశాల లేసరులతో పుట్టించిన ఎక్స్ కిరణములచే గోళీని నలిపి, లేసరులిచ్చిన 20 లక్షల జౌలులకు 31 లక్షలు రాబట్టెను. కాని ఆ లేసరులను వెలిగించుటకు దానికి నూరు రెట్లకు పైగా విద్యుత్తు వెచ్చించిరి. నేటికిని ప్రపంచమున ఏ ఇంటిలోను సంలీన విద్యుత్తుతో దీపము వెలుగుట లేదు.

మరియొక మాట దాచుట ఉచితము కాదు. జెడ్ యంత్రమునకు ధనమిచ్చునది ముఖ్యముగా ఆ దేశపు అణ్వాయుధ శాఖ. 1992 తరువాత అమెరికా భూగర్భమున అణుబాంబులను పేల్చి పరీక్షించుట మానినది. నిలువయున్న ఆయుధముల తీరు తెలిసికొనుటకు ఇట్టి యంత్రములు వారికి అవసరమైనవి. ఇది చదివినపుడు నా మనస్సు చివుక్కుమన్నది. ఈ విషయము పిల్లలకు చెప్పవలెనా యని కొన్నాళ్లు తటపటాయించితిని. తుదకు చెప్పుటయే మేలనుకొంటిని. అదే యంత్రముతో సూర్యుని లోపలి ఇనుము కిరణములను ఎంత అడ్డగించునో కొలిచి, పుస్తకములలోని లెక్కకంటె అది ఎక్కువయని 2015 ఆరంభమున ప్రకటించిరి. ఒకే పిడుగు. ఎవరు ఏ పనికి దింపుదురన్నది వారి దేశమువారును, మనవారును అడుగుచుండవలసిన ప్రశ్న.

మనవారనగా దూరమున లేరు. మన మహారాష్ట్రములోనే ట్రాంబేలోని భాభా అణుపరిశోధనా కేంద్రమున కాలి అను పేర ఇట్టి విద్యుత్తు దెబ్బల యంత్రములను నిర్మించిరి. జెడ్ ముందు అవి చిన్నవే. ఆ సంస్థకే చెందిన విశాఖపట్టణపు కేంద్రమందును ఈ విద్యపై పనిచేయుచున్నారు.

తండ్రి అడిగిన ప్రశ్న మిగిలియున్నది. పై చదువుల పుస్తకములు ఇంగ్లీషున నున్నవి. అది అబద్ధమని నేను చెప్పను. చెప్పినచో మిమ్ము మోసగించినవాడనగుదును. ఆ బిడ్డ ఇంగ్లీషు నేర్వవలెను, మరాఠీ నేర్వవలెను. మా పాఠశాలలో ఇంగ్లీషు బోధన బాగుపడవలసిన మాటయు నిజము. కాని ఈ అరగంట నేను మాటలాడినది తెలుగున. పడుగు, పోగు, నాడె, కుండ అను మాటలతోనే నాకు ఇది అర్థమైనది. నేను మొదట ఇంగ్లీషున చదివినపుడు మాటలు తెలిసినవి గాని పోగులు ఎందుకు దగ్గరగా నుండవలెనో తెలియలేదు. ఒక రాత్రి మా వీధి మగ్గపు చప్పుడు వినుచు కూర్చుండగా తెలిసినది.

ఆ దరఖాస్తు నా బల్ల సొరుగులో నున్నది. ఆయన ఈ సభలోనే యున్నారు. సంతకము నేటివరకు నేను చేయలేదు, ఆయన మరల అడుగలేదు. అడిగినచో వెంటనే చేసి ఇచ్చెదను. అది వారి హక్కు.

సభ ముగిసిన పిమ్మట ఆరవ తరగతి గదికి దయచేయుడు. ఆ బాలిక రెండు సన్నని అల్యూమినియపు రేకు పట్టీలను పక్కపక్కన వ్రేలాడదీసి టార్చి బ్యాటరీలకు కలిపినది. మీట నొక్కినపుడు అవి ఒకదానివైపొకటి ఎట్లు జరుగునో చూడవచ్చును. తీగ కలుపుట మార్చినచో ఎడమగును. ఎందుకో ఆమెనే అడుగుడు, చెప్పును. బ్యాటరీలు త్వరగా అయిపోవుచున్నవి గనుక అయిదారుగురు చొప్పున లోనికి పొండు. ఎక్కువ సేపు నొక్కవలదని ఆమె కోరుచున్నది.